అయిదడుగుల గుంత

సోమవారం పొద్దున సావిత్రమ్మ తలపెట్టింది చాలా చిన్న పని. గురవయ్యను పిలిచి ఒక గుంత తవ్వించాలి. ఎందుకో ఎవరికీ చెప్పకూడదు. గురువారం కొడుకు వచ్చేసరికి గుంత సిద్ధంగా ఉండాలి. అంతే. కానీ చిన్న పనులంటేనే ఆమెకు ఎక్కువ భయం. పెద్ద ఆపద వచ్చే ముందు కుక్క ఏడుస్తుంది, కన్ను అదురుతుంది, ఏదో ఒకటి చెప్పి వస్తుంది. చిన్నది ఏమీ చెప్పకుండా వచ్చి గడప మీద కూర్చుంటుంది.

ఈ పని పోస్టుకార్డు మీద వచ్చింది. ఆమె ఒక్కగానొక్క కొడుకు రఘుపతి, ఊరూరా డేరా వేసి సినిమా ఆడించే కంపెనీలో కరెంటు పుట్టించే మిషను నడుపుతాడు. యజమాని కొత్త మిషను కొనుక్కుని పాత చిన్న మిషనును అతనికి ఇచ్చేశాడు. దాన్ని ఇంటికి తెచ్చి తల్లికి దీపం పెట్టాలని అతని ఆశ. కరెంటు స్తంభాలు చిట్యాల దాకా వచ్చి అక్కడే ఆగిపోయాయి. నలభై నేతగాళ్ళ ఇళ్ళున్న ఈ సాలెగూడెం వాళ్ళు వాటిని సంతకు పోయినప్పుడు చూసి వస్తారు.

సావిత్రమ్మ మూడో తరగతి చదివింది. కార్డును వేలు పెట్టి చదివింది. "మిషనుకు ఎర్తింగు లేకుంటే ఇనుము ముట్టిన మనిషి పానం పోతది" అన్న వాక్యాన్ని మూడుసార్లు చదివి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి, తరువాత మిగిలింది చదివింది. గుంత నాలుగు దిక్కులా రెండేసి అడుగులు, లోతు అయిదడుగులు ఉండాలి. ఉప్పు అర బస్తా, బొగ్గులు ఒక బస్తా తెప్పించాలి. రాగి రేకు తాను తెస్తాడు. గుంత ఎక్కడ తవ్వాలో మాత్రం రాయలేదు.

వాకిట్లో తవ్విస్తే ఎవరి మేకపిల్లో పడుతుంది. పెరట్లో తవ్విస్తే పొద్దుగూకాక తానే పడుతుంది. బాగా ఆలోచించి, ఇంటి ముందరి వసారాలో అయితే కళ్ళముందు ఉంటుందని నిర్ణయించింది. భర్త వెంకటరాజం బతికి ఉన్నప్పుడు మగ్గం అక్కడే ఉండేది. ఆయన పోయి నాలుగేళ్ళయింది. మగ్గం అమ్మేశారు, దాని గుంత పూడ్చేశారు. నలభై ఇళ్ళలో మగ్గాలు టకటక ఆడుతుంటే ఒక్క ఇల్లు మూగగా ఉండడం ఊడిన పన్ను లాంటిది. నాలుక మాటిమాటికీ అక్కడికే పోతుంది. పైగా మగ్గం లేని ఇంటికి ఎవరికీ పని ఉండదు. నూలు కండెలు చుట్టడానికి ఎవరూ రారు, పడుగు పట్టడానికి ఎవరూ పిలవరు. ఎదురింటి యాదమ్మ కూడా నిప్పు కావాలంటే పక్కింటికే పోయేది.

ఎవరికీ చెప్పకూడదనుకున్నది దిష్టి భయంతో. నలభై ఇళ్ళు చిమ్నీ బుడ్డితో ఉండగా ఒక్క ఇంట్లో కరెంటు దీపం అంటే, అది వెలగకముందే మాడిపోయేలా చూసే కళ్ళు ఊళ్ళో ఉన్నాయి. ఎవరివో కూడా ఆమెకు తెలుసు.

గురవయ్య ఆ ఊళ్ళో మగ్గాలు నిలబెట్టేవాడు. మగ్గం కింద నేతగాడు కాళ్ళు పెట్టుకునే గుంత తవ్వాలంటే ఆయనే రావాలి. పలుగు, పార తెచ్చి వసారాలో నిలబడి ముందుగా పసుపు అడిగాడు.

"పసుపెందుకన్నా?"

"గుంతకు బొట్టు పెట్టకుండ ఎన్నడన్న తవ్విన్నా చెల్లె?"

పెట్టకపోతే ఏమవుతుందో అని సావిత్రమ్మ పసుపు, కుంకుమ, దాంతోపాటు ఒక నిమ్మకాయ కూడా తెచ్చిచ్చింది.

"వెంకటరాజం కూసున్న జాగనే గద ఇది," అన్నాడు గురవయ్య. "రఘుపతి వస్తుండా?"

"బేస్తారం వస్తుండు."

గురవయ్య కండువాతో కళ్ళు తుడుచుకుని పలుగు ఎత్తాడు. రెండున్నర అడుగులు తవ్వి పైకెక్కి, "అయిపాయె," అన్నాడు.

"ఇంకా తవ్వాలె అన్నా."

"ఇంకా తవ్వితే కాళ్లు అందయి చెల్లె."

"అయిదడుగులు గావాలె. వాడు రాసిండు."

"అయిదడుగులా? పిల్లగాడు కూసోని నేస్తడా, నిలవడి నేస్తడా?"

అప్పుడు అర్థమైంది సావిత్రమ్మకు, ఈయన మగ్గం అనుకుంటున్నాడని. సాలెల వసారాలో గుంత అంటే మగ్గమే. ఇంకొకటి ఉంటుందని ఆ ఊళ్ళో ఎవరికీ తట్టదు. కాదని చెప్పబోయింది. చెబితే కరెంటు సంగతి చెప్పాలి. కరెంటు అంటే దిష్టి.

"నాకు తెల్వదన్నా. వాడు గట్లనే రాసిండు," అంది.

"పట్నపు తీరు మగ్గం గావొచ్చు," అని గురవయ్య తనకు తానే సర్దిచెప్పుకుని మళ్ళీ గుంతలోకి దిగాడు. సాయంత్రానికి వంగి తవ్వుతున్న ఆయన తలపాగా కూడా కనిపించకుండా పోయింది. ఆ వార్త మాత్రం అంతకంటే ముందే ఊరంతా తిరిగింది. వెంకటరాజం కొడుకు సినిమా డేరా విడిచిపెట్టి వస్తున్నాడట. మళ్ళీ మగ్గం పెడుతున్నాడట.

ఆ రాత్రికి ఎవరైనా పిల్లలు గుంతలో పడతారేమోనని సావిత్రమ్మ దాని మీద నులక మంచం వేసి, ఆ మంచం మీదే పడుకుంది.

మంగళవారం పోచంపల్లి బండి మీద ఉప్పు, బొగ్గులు దిగాయి. బండి చక్రాలు ఆగకముందే యాదమ్మ వీధి దాటి వచ్చింది.

"ఉప్పు అర బస్తా ఎందుకొదినె? ఊరంత బుక్కినా ఒడువది గద!"

"ఉంటది తియ్యి."

"మరి గీ బొగ్గులు?"

సావిత్రమ్మ బస్తా మూతి గట్టిగా బిగించింది. యాదమ్మకు అది చాలు. అర బస్తా ఉప్పు అంటే ఊరందరికీ భోజనాలు. బొగ్గులు అంటే బంగారం పనిచేసే అవుసలాయన కుంపటి పెట్టుకుని ఇంట్లోనే కూర్చుంటాడు. అవుసలాయన ఇంట్లో కూర్చుని చేసేది పుస్తెలే.

"పుస్తెలు ఇంట్లనే చేయిస్తున్నవా? దొంగవు వదినె నువ్వు! పిల్లగాని లగ్గం పెట్టుకొని ఒక్క మాటన్న చెప్పవా?"

"లగ్గమేంది యాదమ్మా? వాడొస్తే అన్నీ తెలుస్తయి."

"గదే గద! పిల్లగాడు రాకుంట లగ్గమెట్లయితది?" అని యాదమ్మ నవ్వుకుంటూ పోయింది. మధ్యాహ్నానికి చరఖాతో తిరిగి వచ్చింది. వెంట ఇంకో అయిదుగురు ఆడవాళ్ళు. మగ్గం నిలబడే ఇంటికి కండెలు సిద్ధం చేసిపెట్టడం ఆ ఊరి ఆనవాయితీ. ఎవరి నూలు వాళ్ళే తెచ్చుకున్నారు. ఒకామె వసారా అలికింది. ఒకామె గోడకు సున్నం పెట్టింది. సావిత్రమ్మ కుండనిండా శనగ గుడాలు ఉడికించి పెట్టింది.

తాను మాత్రం గుంత మీది మంచం దిగలేదు. ఎవరు అటు నడిచినా, "జర పైలం! జర పైలం!" అంటూనే ఉంది.

"గుడ్ల మీద కూసున్న కోడి లెక్క కూసున్నవేంది వదినె!" అంది యాదమ్మ.

అందరూ నవ్వారు. సావిత్రమ్మ కూడా నవ్వింది. నవ్వి, ఇంత నవ్వితే ఏ ఏడుపు వస్తుందో అని వెంటనే భయపడింది. కానీ చరఖాల చప్పుడు ఆగలేదు. ఒకామె తన అత్తను తిడుతోంది, ఇంకొకామె కోడలిని తిడుతోంది. ఇద్దరూ ఒకే గుడాల గిన్నెలో చేయి పెడుతున్నారు. పొద్దుగూకి వాళ్ళంతా లేచిపోతుంటే, "రేపు జల్ది రాండ్రి," అని ఆమె నోటి నుంచి దానంతటదే వచ్చింది.

బుధవారం సిద్దిరాములు వచ్చాడు. ఊరి పైవాడలో మూడు మగ్గాల ఆసామి. ఆయన కూతురు లీలమ్మను రఘుపతికి చేసుకుందామని సావిత్రమ్మ నిరుడు అడిగించింది. "డేరా ఎంబడి తిరిగేటోనికి పిల్లనిస్తే, నా బిడ్డ కాపురం ఏ చెట్టు కింద?" అని కబురంపాడు. ఈ రోజు ఆయనే బండి కట్టుకుని వచ్చాడు. బండిలో మగ్గానికి పాతే గుంజలు నాలుగు ఉన్నాయి, టేకువి, నున్నగా చిత్రిక పట్టినవి.

"నిరుడన్న మాట మనసుల పెట్టుకోకు చెల్లె. పిల్లగాడు మగ్గమెక్కుతుండంటే నాకింక ఏం ఫికర్ లేదు. గీ గుంజలు మా ఇంటి కెల్లి అనుకో."

సావిత్రమ్మ మంచం మీద నుంచి లేచి నిలబడింది. ఆయన మంచం పక్కకు జరిపి గుంతలోకి చూశాడు. చేతికర్ర లోపలికి దించాడు. కర్ర అయిపోయింది కానీ అడుగు తగల్లేదు.

"పిల్లగాని కాళ్లు ఇంత పొడుగున్నయా?" అన్నాడు మెల్లగా. "మా లీల పొట్టిది చెల్లె. జోడీ కుదురుతదా?"

"కొత్త తీరు మగ్గం బావా," అన్నాడు గురవయ్య. అప్పటికి ఆయన ఈ విషయంలో ఊరికి పెద్ద దిక్కయ్యాడు. "పట్నంల అందరు నిలవడే నేస్తరంట. నడుము నొప్పి రాదంట."

సావిత్రమ్మ నోరు తెరిచింది. ఇప్పుడు చెప్పాలి. ఇది మగ్గం గుంత కాదన్నా, గుంజలు పాతకు, అని రెండు ముక్కలు. ఎదురుగా వసారా నిండా జనం. చరఖాలు తిరుగుతున్నాయి. ఎవరి పసిపిల్లో ఆమె కొంగు పట్టుకుని నిద్రపోయింది. చెబితే వీళ్ళంతా లేచి పోతారు. దిష్టి భయం కాదది, వేరే భయం. మొన్నటిదాకా అలాంటిది ఒకటి తనలో ఉందని ఆమెకు తెలియదు. ఒకవేళ, మగ్గం నిలబడి ఉండడం చూసి కొడుకు నిజంగానే ఊళ్ళో ఆగిపోతే? ఎవరు చెప్పొచ్చారు?

ఆమె నోరు మూసుకుంది. గురవయ్య గుంజలు పాతాడు.

గురువారం చిట్యాల నుంచి ఎడ్లబండి వచ్చింది. గోనెపట్టాల కింద ఏదో గుట్టగా ఉంది. కొత్త తీరు మగ్గం అదేనని ఊరు నిర్ణయించింది. రఘుపతి దూకి దిగాడు. తల్లి పోలిక, పొట్టివాడు. సిద్దిరాములు ముందుగా అతని కాళ్ళు చూసి ఊపిరి పీల్చుకున్నాడు.

"ఇంతమందేందమ్మా? ఎవలకన్న ఏమన్నయిందా?" అన్నాడు రఘుపతి. మూడు రోజుల్లో ఆ ప్రశ్న అడిగినవాడు అతనొక్కడే. తల్లి పెంపకం ఊరికే పోలేదు.

గురవయ్య కొబ్బరికాయ కొట్టాడు. "కుడికాలు పెట్టి దిగు బిడ్డా," అన్నాడు. రఘుపతి గుంతను చూసి మురిసిపోయి ఒక్క గెంతు గెంతాడు. నేల మీదికి అతని నుదురు, దాని మీద జుట్టు మాత్రం మిగిలాయి.

"అబ్బ, మస్తు తవ్వినవు పెద్దనాయినా! ఏడ చెప్పినా నాలుగడుగులకే ఆపుతరు," అంది గుంత లోపలి గొంతు. "మంచిగున్నది. గీ గుంజలెందుకు పాతిండ్రు, అడ్డంగ? సరే తియ్యి. అమ్మా, బండిలున్న రాగి రేకు అందియ్యి. బొగ్గులు, ఉప్పు ఇటు జరుపుండ్రి."

రేకు దిగింది. దానికి కట్టిన తీగ పైకి వచ్చింది. అతను పైకెక్కి, బుట్టెడు బొగ్గులు, దాని మీద బుట్టెడు ఉప్పు, మళ్ళీ బొగ్గులు, మళ్ళీ ఉప్పు పోయడం మొదలుపెట్టాడు. చరఖాలు ఒకటొకటే ఆగాయి.

"మగ్గం గుంతల ఉప్పు పోస్తున్నవేందిరా?" అన్నాడు సిద్దిరాములు.

"మగ్గమేంది మామా? ఇది ఎర్తింగు. కరెంటు మిషనుకు."

రఘుపతి తల్లి వైపు చూశాడు. ఊరంతా ఆమె వైపే చూసింది.

"మగ్గమని నేనెవ్వలకు చెప్పలే," అంది సావిత్రమ్మ.

"కాదని గూడ చెప్పలేదు గద చెల్లె," అన్నాడు గురవయ్య. ఆయన గొంతులో కోపం లేదు. అదే ఆమెకు ఎక్కువ తగిలింది.

సిద్దిరాములు పంచె ఎగగట్టి నాలుగు గుంజలూ తానే పెరికాడు. "ఉప్పు గుంత జూసి పిల్లనిస్తనా? నా బిడ్డనేమన్న మామిడికాయ తొక్కనుకున్నరా?" అంటూ బండెక్కాడు. యాదమ్మ చరఖా చంకన పెట్టుకుంది. అయినా జనం పూర్తిగా పోలేదు. కరెంటు అన్న మాట విన్నాక ఎవరు పోతారు? వాకిట్లో కొంచెం కోపంగా, కొంచెం ఆశగా నిలబడ్డారు.

రఘుపతి మిషనును ఇంటి పక్క కొట్టంలో దించాడు. గుంత మట్టితో పూడ్చి, నాలుగు బిందెల నీళ్ళు పోశాడు. మిషను ఇనుముకు గుంతలోని తీగ బిగించాడు. తల్లి పక్కనే నిలబడి ఒకటే ప్రశ్న వేసింది.

"గీ తీగ ఎందుకు కొడుకా?"

"తప్పిపోయిన కరెంటు ఇనుముకు పాకితే, గీ తీగ పట్టుకొని మట్టిలకు పోతది. మనిషికి తగలది. ఇగ ఏం భయం లేదు."

"మట్టిలకు పోతది" అన్నంతవరకే సావిత్రమ్మ విన్నది.

సందెవేళ రఘుపతి తాడు చుట్టి లాగాడు. మిషను దగ్గి, ఉమ్మి, దడదడమని అందుకుంది. వసారాలో కట్టిన బల్బు వెలిగింది. "ఓ!" అని ఊరంతా ఒక్క గొంతుతో అరిచి, కోపం మరిచి, ఒక్క అడుగు ముందుకు వేసింది. మూడు రోజులు నోరు విప్పని సావిత్రమ్మ అప్పుడు విప్పింది.

"రాకుండ్రి! దూరం పోండ్రి! మట్టిల కరెంటున్నది! కాలు పెడితే పానం పోతది! యాదమ్మా, నీ పిల్లలను పట్టుకో!"

"ఏం గాదమ్మా! ఏం గాదు!" అని రఘుపతి మొత్తుకున్నాడు. మిషను దడదడలో అది ఎవరికీ వినపడలేదు. తల్లి గొంతు మాత్రం వినపడింది. జనం వాకిలి నుంచి వీధిలోకి, వీధి నుంచి ఇళ్ళలోకి పోయారు. మర్నాటి నుంచి యాదమ్మ తన బర్రెను కూడా వెనక దారినే తోలుకుపోయింది.

శుక్రవారం పొద్దున రఘుపతి బయలుదేరాడు. డేరా పాలమూరు దిక్కు పోతోంది. ఆరు నెలల దాకా రావడం కుదరదు.

"చీకట్ల ఒక్కదానివే ఉంటవని నాకు ఒకటే ఫికరుండె," అన్నాడు. "ఇప్పుడు మంచిగైంది గదమ్మా?"

"మంచిగైంది బిడ్డా. బస్సుల కిటికీ కాడ కూసోకు. చేతులు బయట పెట్టకు."

"దినాం ఒక బిందె నీళ్లు పొయ్యి గుంతల. మట్టి ఎండితే ఎర్తింగు పని చెయ్యది."

ఆమె పోసింది. రోజూ పొద్దున చెప్పుల్లేని కాళ్ళతో అటు పోవడానికి భయపడి, చెక్కపలక మీద నిలబడి, దూరం నుంచి విసిరి పోసింది. వీధిలో పోయేవాళ్ళు, "ఉప్పు మొలకెత్తిందా?" అని అవతలి అంచు నుంచే అడిగారు. సందెవేళ చేతికి పొడిగుడ్డ చుట్టుకుని, ఇష్టదేవతలందరినీ తలుచుకుని తాడు లాగేది. బల్బు వెలిగేది. చిమ్నీ దీపం ఉన్నప్పుడు ఒక్క మూలే కనిపించేది, మిగిలింది చీకటి. చీకట్లో ఎవరో ఉన్నారనుకోవచ్చు. ఇప్పుడు ఖాళీ మంచం, గుంజలు పెరికిన నాలుగు బొక్కలు, సున్నం పెట్టిన గోడ, అన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఎవరూ లేకపోవడం కూడా. వెలుగు చూసి వచ్చినవి ఉసిళ్ళే. వాటికి కూడా ఆమె, "దూరం పోండ్రి, సస్తరు," అని చెప్పింది. అవైతే వినలేదు.

పదో రోజున ఆమె కుండలో మిగిలిన శనగలు ఎంతమందికి వస్తాయో అని లెక్కపెట్టినట్టు చూసింది. తరువాత లేచి, తలుపు దగ్గరికి వేసి, గురవయ్య ఇంటికి పోయింది.

"ఇంకో గుంత తవ్వాలె అన్నా. వసారలనే, రెండో దిక్కు."

గురవయ్య చుట్ట తీశాడు. "దేనికి చెల్లె? కరెంటుకా, మగ్గానికా?"

సావిత్రమ్మ గోడకు ఆనించి ఉన్న పలుగు తీసి ఆయన చేతికిచ్చింది.

"ఎంత లోతు?"

"తొందరేం లేదన్నా," అంది. "మెల్లగ తవ్వు."

మర్నాడు పొద్దున గురవయ్య జానెడు లోతు దించకముందే అరుగు మీద తొమ్మిదిమంది, కాళ్ళు నేలకు ఆనకుండా పైకి ముడుచుకుని, చేరారు. యాదమ్మ చరఖా తెచ్చుకుంది. లోపల పొయ్యి మీద శనగలు ఉడుకుతున్నాయి. తొమ్మిదో మనిషి సిద్దిరాములు. ఈసారి ఆయన జాగ్రత్తపడి, గుంజ ఒక్కటే తెచ్చాడు.